మా ఇంటి గోడమీది రాణి

మా నాయనకు మూడేళ్ళప్పుడే వాళ్ళమ్మ పోయింది. అంటే మా జేజి. ఆమెను ఎవరూ ఫొటో తీయలేదు. కొమరోలు పక్కన మెట్ట పల్లెలో అప్పట్లో ఫొటో ఎవరికి? కడుపుకింత సంకటి దొరికితే అదే పదివేలు. అయినా మా ఇంట్లో జేజి పటం ఉండేది. మా తాత మార్కాపురం నుంచి తెచ్చి, గోడకు తగిలించి, "ఇదిగో, మీ యమ్మ" అని చూపించాడట.

పటంలో జేజికి వడ్డాణం, వంకీలు, మెడనిండా హారాలు. పక్కన పాలరాతి స్తంభం ఒకటి. చిన్నప్పుడు నేను ఊరుకునేదాన్నా? "ఇంత బంగారం ఏమైపోయింది నాయనా?" అని ప్రాణం తీసేదాన్ని.

"కరువుల్లో అమ్ముకొని తిన్నాంలే పాపా" అనేవాడు. నిజంగానే నమ్మాడు, పిచ్చి మారాజు. ఏటా పెద్దల అమావాస్యకు ఆ పటానికి బొట్టు పెట్టి, ముందు కొత్త చీర ఉంచి, ఈ ఏడు పైరెట్లుందో, నాకు జ్వరమెప్పుడొచ్చిందో అన్నీ చెప్పుకొనేవాడు.

పోయినేడు పటానికి చెదలు పట్టింది. బాగుచేయిద్దామని గిద్దలూరులో ఫొటో స్టూడియోకు తీసుకుపోయాం. స్టూడియో ఆయన చట్రం విప్పాడు. కింది చెక్క కప్పేసిన చోట ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఏదో సంస్థానం మహారాణి పేరు.

"మామా, ఈమె మీ యమ్మ కాదు. ఎవరో రాణి" అని నవ్వాడు. నవ్వి ఊరుకోక ఫోనులో వెతికి చూపించాడు. అదే ముఖం. ఒకచోట ఒక రాణి పేరు, ఇంకోచోట ఇంకో రాణి పేరు. ఒక మ్యూజియం వాళ్ళయితే, పాత అచ్చు బొమ్మల మీద వేసిన పేర్లన్నీ తప్పే, ఈమె ఎవరో మాకూ తెలియదు అని రాసేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాగుచేయమని ఇచ్చినామా, ఆమె పుట్టుపూర్వోత్తరాలు అడిగినామా?" అని కసిరాను. చచ్చిపోయిన తాత మీద కూడా కోపమొచ్చింది. అయినా, అమ్మ కావాలని ఏడ్చే బిడ్డకు ఆయన మాత్రం ఏం చూపిస్తాడు?

"అయితే మా యమ్మ ఎట్లుంటాది?" అన్నాడు నాయన.

నన్నడిగాడో, స్టూడియో ఆయన్నడిగాడో తెలియదు. ఆమెను కళ్ళతో చూసినవాళ్ళు మా వైపు ఒక్కరూ మిగల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఈసారి పెద్దల అమావాస్యకు పటం వద్దన్నాడు. ఉత్త గోడ ముందే పీట వేసి, చీర పెట్టి, వడలూ పాయసం పెట్టాం. నాయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఎంతసేపైనా కదలడే!

"కాళ్ళు నొప్పి పుడతాయి, కూర్చో నాయనా" అన్నాను.

"ఎంత తలుచుకున్నా ఆ రాణే వస్తాంది పాపా" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "మా యమ్మ రావడం ల్యా."