ఆవకాయ నీళ్లు తాగిన ఒంటె

మా మదీనాగూడ పోచమ్మ సాక్షిగా, ఇందులో ప్రతి మాటా నిజం. హైటెక్ సిటీ కడుతున్న రోజుల్లో నేనూ మా ఆవిడా జీపులో రాజస్థాన్ ఎడారి ఊళ్లూ కోటలూ చూడ్డానికి వెళ్లాం. జైసల్మేర్ దారిలో జీపు ఇసుకలో దిగబడింది. లాగడానికి దగ్గరి గుడిసెలో ఉన్న ఒక ముసలి పెద్దమ్మ ఒంటే దిక్కు. ముందుగా ఆమె మాకు రొట్టెలు పెట్టింది. మా ఆవకాయతో తిని, అలవాటుగా కంచంలోనే చేయి కడిగాను. ఆమె నోరెళ్లబెట్టింది. నీళ్ల కరువుకి అక్కడ కంచాలు ఇసుకతోనే తోముతారట!

“ఏందయ్యా, తాగే నీళ్లు ఆగం జేస్తివి! ఇగ ఒంటెనిస్తదా?” అంది మా ఆవిడ.

“కోయీ బాత్ నహీ, బేటా,” అని పర్లేదన్నట్టు నవ్వి పెద్దమ్మ ఆ కంచం ఒంటె ముందు పెట్టింది. ఆ నీళ్లు తాగిన ఒంటె, కారానికి జీపును జైసల్మేర్ కోట గుమ్మం దాకా ఆగకుండా ఈడ్చుకెళ్లింది.

సరే, పోచమ్మకు భయపడి చెబుతున్నా: ఆ పరుగు కల్పన. ఒంటె వాసన చూసి మొహం తిప్పుకుంది. జీపును మాత్రం బయటికి లాగింది. ఆ కంచం నేనే తోమాను, ఇసుకతో.