తల్లిపొద నూనె

మా తాత దొర. ఆయనకు కోటలాంటి గడీ ఉండేది. నా దాకా వచ్చింది చిట్యాల దగ్గర రాళ్లు తేలిన ఒక మెట్ట చెల్క, వంగని వెన్ను. ఆ రెండింటినీ నేనెప్పుడూ తక్కువగా చూడలేదు.

ఆ చెల్కలో బాపు జొజోబా వేశారు. అది ఎడారి పొద. నీళ్లు పెద్దగా అడగదు. గింజ పిండితే వచ్చేది పేరుకే నూనె, నిజానికి కరిగిన మైనం లాంటిది. ఏళ్లు గడిచినా ముక్కిపోదు. సబ్బులు, లేపనాలు చేసేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొంటారు. అయితే ఈ పొదల్లో ఆడవి వేరు, మగవి వేరు. పూసేదాకా ఏది ఏదో తెలియదు. విత్తనంతో పెంచిన మా తోట తీరా పూశాక చూస్తే ఎక్కువ భాగం మగవే.

"దొర తోటల అందరు మొగోళ్లేనట. ఇగ వంట ఎవలు జేస్తరో!" అన్నాడొకాయన చాయ్ హోటల్ దగ్గర, బాపుకు వినబడేలాగే. బాపు చాయ్ పూర్తిగా తాగి, నింపాదిగా లేచి వచ్చారు.

తెలంగాణ వచ్చాక రోడ్డు పక్క భూముల ధర పెరిగింది. చిన్నాయన ఇంటికొచ్చి కూర్చున్నారు.

"అన్నా, ప్లాట్లు చేద్దాం. గా పొదలను జూసి ఎవడన్న దండం పెడ్తడా?"

తోటలో ఒక ఆడ పొద మాత్రం కొమ్మకొమ్మకూ కాసేది. దాని నూనె మేలైనదని హైదరాబాదులో కొనేవాళ్లు చెప్పారు. తోటంతా అదే నూనె ఇస్తేనే కొంటామన్నారు. నేను నల్లగొండలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. దాని చిగుళ్లనే సీసాల్లో పెంచి తోటంతా నింపుతానన్నాను.

"సీసాలల్లనా? చెట్లనుకున్నవా బిడ్డా, మామిడికాయ తొక్కు అనుకున్నవా?" అని నవ్వారు చిన్నాయన.

బాపు నవ్వలేదు. "పిల్ల పొదలు కాసేదాక ఆగు తమ్మీ. నూనె తల్లి లెక్క రాకుంటే ప్లాట్లకు సంతకం పెడ్త."

మా ఇంట్లో కొమ్మ కోయాలంటే ముందురోజు చెట్టును అడగాలి. అమ్మ సాయంత్రం చెంబెడు పసుపు నీళ్లు తల్లిపొద తల మీద పోసి, "పొద్దుగాల బిడ్డ వస్తది, కోపం చేయకు తల్లీ" అని చెప్పేది. తెల్లవారి నేను చిగుళ్లు కోసి, కడిగి, సీసాల్లో పెట్టేదాన్ని. వారం తిరిగేసరికి సీసా నిండా తెల్లటి బూజు. కడిగే మందు ఘాటు పెంచితే బూజుతో పాటు చిగురూ చచ్చేది.

ఒకసారి అమ్మ మహబూబ్‌నగర్‌లోని పుట్టింటికి వెళ్లింది. నేను అడగకుండానే కోశాను. ఆ సీసాల్లో బూజు రాలేదు. అప్పుడు అర్థమైంది: రాత్రంతా తడిసిన చిగుళ్ల సందుల్లోనే బూజు బలపడుతోంది. అమ్మ రాగానే చెప్పాను.

"అమ్మా, తల మీద వద్దు. మొదలు కాడ పొయ్యి."

అమ్మ చెంబు అందుకుంది. "కాళ్లు కడిగి అడుగుమంటవు. గది ఇంకా మర్యాదే."

ఆ తర్వాత సీసాల్లో చిగుళ్లు పిలకలేశాయి, పిలకలు వేళ్లేశాయి. సగం చెల్కలో పాత పొదలు తీసి వాటిని నాటాం. పుప్పొడి కోసం గాలి వచ్చే వైపు కొన్ని మగ పొదలను ఉంచాం. పిల్ల పొదలు కాసిన ఏడాది తల్లి గింజలనూ పిల్లల గింజలనూ నూనె పరీక్షకు పంపాను.

ఫలితాలు వచ్చిన రోజు చిన్నాయన ప్లాట్లు వేసే సేటుతో సహా చెల్క దగ్గరే ఉన్నారు. నూనెలో ఏ మైనం ఎంత ఉందో చూపే గీతల కాగితాలు రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకెత్తి పట్టుకున్నాను. మిట్టల మీద మిట్టలు సరిగ్గా కూర్చున్నాయి.

"గీ గీతలతోని ఏం తెలుస్తది?" అన్నారు చిన్నాయన.

"తల్లి రక్తమే బిడ్డలల్ల ఉన్నదని తెలుస్తది, చిన్నాయనా."

బాపు సేటు వైపు తిరిగారు. "మా జాగాల హద్దురాళ్లు పాతేది లేదు సేటూ. గుంతలు తీసేదున్నది. నిలబడి జూస్తనంటే జూడు."

ఆ తొలకరికి మిగిలిన చెల్కలోనూ తల్లిపొద పిల్లలనే నాటాం. మొదటి గుంత చిన్నాయన తవ్వారు. తవ్వమని ఆయన్ను మేమెవరం అడగలేదు.