అంకయ్య బేబీ కారుకు కుట్టిన టాపు

1962లో మా కాపురం నెల్లూరులో, ట్రంకు రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక సందులో. వీధి అరుగే మా అంగడి. మా ఆయన కరీం సాయిబుది జట్కాబండ్లకు గూళ్లు కట్టే వంశం. జట్కాలు తగ్గుతూ వచ్చాక ఆయన కార్ల టాపులకు మళ్లాడు. కొలతలు తీయడం, కత్తిరించడం, బిగించడం ఆయన పని. మిషను మీద కుట్టడం నాది. నేను చదివింది రెండో తరగతి వరకే. కానీ నా సూది కింద ఒకసారి నడిచిన గుడ్డను మళ్లీ ఎక్కడ కనపడినా పోల్చుకుంటాను.

పెద్దకార్లకు పైన ఇనపరేకే ఉంటుంది, వాటికి మాతో పని లేదు. మా దగ్గరికి వచ్చేవి ఎప్పుడో ఇంగ్లండు సీమ నుంచి దిగి, చేతులు మారి మారి వన్నె తగ్గిన చిన్నకార్లు. వాటిని బేబీ కార్లనేవారు. వాటి పైకప్పు గుడ్డదే. దాన్ని హుడ్ అంటారు, మేం టాపు అనేవాళ్లం. ఇనప కమ్మీల మీద కాన్వాసు పరిచి బిగిస్తే ఎండావానా ఆగుతుంది. మడిస్తే వెనక్కి పడుకుంటుంది.

ఆ బండ్లంటే ఊళ్లో ఎవరికీ లెక్క లేదు. ఎదురుపడితే జట్కావాడు కూడా పక్కకు జరిగేవాడు కాదు. నాకు మాత్రం సందు చివర ఒకటి వెళ్తే చాలు, మిషను ఆగిపోయేది. “అదిగో అత్తా, కాంపౌండరు గారి నల్లబండి, ఇంకా బతికే ఉంది. వెనక కిటికీ పక్కన నేనేసిన మాసిక చూడు” అనేదాన్ని. “నీకు మనుషుల మొహాలు గుర్తుండవుగానీ బండ్ల వీపులు గుర్తుంటాయే!” అని మా అత్త నవ్వేది. నిజమే, నాకు వాటి వీపులే తెలుసు.

అంకయ్య అల్లూరులో ఒక భూస్వామి దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. ఆ భూస్వామి పెద్దకారు తెచ్చుకున్నప్పుడు, బాకీపడ్డ జీతం కింద చిన్నకారును అంకయ్యకిచ్చి పంపేశాడు. అతను దాన్ని పెళ్లిళ్ల ఊరేగింపులకు బాడుగకు తిప్పేవాడు. టాపు వెనక్కి మడిచి, పెళ్లికొడుకునూ పెళ్లికూతురినీ ఎత్తుగా కూర్చోబెట్టి ఊరంతా తిప్పడమే పని. ఒకరోజు పొద్దున ఆ కారును మా అరుగు ముందు ఆపి దిగాడు. వెంట మైపాడు అవతలి పాలెంలో చేపలు పట్టే కొండయ్య అనే పెద్దాయన ఉన్నాడు.

మా ఆయన టాపు చుట్టూ తిరిగి చూసి, “ఇది టాపేంది అంకయ్యా, వల మాదిరుండాది” అన్నాడు.

కొండయ్య నవ్వాడు. “వలైతే మేమే అల్లుకుందుం గదా సాయిబూ. నీ దాకా ఎందుకు?”

సంగతేమిటంటే కొండయ్య కూతురికి పెళ్లి. వాళ్ల పాలెంలో ఏ పెళ్లికీ అంతవరకు కారు రాలేదు. “టౌన్లో పెద్దకార్లోళ్లని అడిగినాను బూబమ్మా. ఇసకలో దిగబడతదంటారు. సీట్లకు చేపల వాసనంటారు. ఈయనొక్కడే వస్తానన్నాడు” అన్నాడు నాతో.

అంకయ్య మాత్రం నవ్వలేదు. “అక్కా, అల్లూర్లో ఒక రైతు దీని ఇంజను అడుగుతుండాడు. పొలానికి నీళ్లు తోడుకుంటాడంట. ఈ పెళ్లి బాగా నడిచిందంటే పాలేలన్నీ నన్నే పిలుస్తాయి. నడవలేదంటే ఇంజను ఊడదీసి ఇచ్చేసేదే. డ్రైవరు అంకయ్య అనే పేరు ఆడితో సరి.”

ఆ టాపు మీద మేం పెట్టినంత మనసు మరే పని మీదా పెట్టలేదు. సముద్రపు గాలికి నిలవాలని మందపాటి కాన్వాసు తెచ్చాం. దారానికి మైనం పట్టించాను. తాళ్లు దూర్చే కంతలకు ఐలెట్లు, అంటే చుట్టూ కొట్టే లోహపు రింగులు, ఇనపవి తుప్పు పడతాయని ఏరి ఇత్తడివే కొట్టాడు మా ఆయన. బిగించాక వేలితో మీటితే డప్పులా మోగింది.

ఊరేగింపు నాడు టాపు మడిచే పనికని మమ్మల్నిద్దరినీ కూడా ఎక్కించుకున్నారు. మైపాడు దగ్గర రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి పాలేనికి తీరం వెంబడే దారి. పొడి ఇసకలో చక్రాలు దిగబడబోతే, ఎదురొచ్చిన కొండయ్య కేకవేశాడు.

“నీళ్ల అంచుకు తోలు అంకయ్యా! తడిసిన ఇసక గట్టిగుంటది!”

తోలాడు. పెద్దకారయితే దిగబడేదేమో, ఆ బక్కబండి మాత్రం అల వెనక్కిపోయిన ఇసక మీద జారిపోయింది. చక్రాలకు నీళ్లు తగిలి రెండు పక్కలా చిమ్ముతుంటే ఆడవాళ్లూ పిల్లలూ కేరింతలు కొడుతూ వెంటపడ్డారు. ఊరేగింపు కూడా ఆ అంచునే సాగింది, టాపు మడిచిన బండిలో సాయంత్రం ఎండలో ఆ పెళ్లికూతురు తలెత్తుకొని కూర్చుంది. ఆ కారును చూసి ఎవరూ వెక్కిరించని రోజు అదొక్కటే నేను చూశాను.

అంకయ్య అనుకున్నట్టే అయింది. పాలెం తర్వాత పాలెం పిలిచింది. అల్లూరు రైతుకు ఇంజను ఇచ్చేది లేదని కబురు పంపేశాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో జబ్బుపడినవాళ్లను ఆస్పత్రికి తెచ్చేవాడు. బండి తీరం వెంబడే పోయేది, తీరం వెంబడే వచ్చేది.

కొన్ని నెలలకు అంకయ్య మళ్లీ వచ్చాడు. “ఏందక్కా, నీ కాన్వాసు అప్పుడే సాగిపోయిందే! గాలికి టపటపా కొట్టుకుంటుండాది.”

కొత్త కాన్వాసు బిగింపుకు కొంత సాగడం మామూలే. పైగా సముద్రపు గాలి. అంచు కాస్త మడిచి కుట్టి బిగించి పంపించాం. మరుసటి ఏడు ఎండలు ముదిరేనాటికి మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట. “తలుపులు కూడా పట్టేస్తుండాయక్కా. కాలితో తన్నితేగానీ తెరుచుకోవడంలా” అని నవ్వుతూ చెప్పాడు.

ఆ రోజు కొండయ్య కూడా వెంట ఉన్నాడు, ఆస్పత్రిలో ఎవరినో చూడటానికి వచ్చి. మా ఆయన ఈసారి టాపు మొత్తం విప్పి అరుగు మీద పరిచాడు. కత్తిరించినప్పటి కొలతతో సరిచూశాడు. మేం మడిచి కుట్టినదాన్ని కలుపుకుంటే గుడ్డ ఒక్క వేలు కూడా సాగలేదు. అప్పుడు బండి మీద కమ్మీల మధ్య దూరం కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

“గుడ్డ సాగలా. బండే పొట్టిదైంది.”

“తాగొచ్చినావా సాయిబన్నా?” అన్నాడు అంకయ్య.

మా ఆయన వెళ్లి మెకానిక్కును పిలుచుకొచ్చాడు. అతను కారు కిందికి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అడుగు రేకు అప్పడం విరిగినట్టు పొరలు పొరలుగా రాలింది. ఛాసీ అంటే బండికి వెన్నెముక. ఉప్పునీళ్లకు అది నడుమ తినేసి కుంగిపోయింది. నడుము కుంగితే పైన ముందూ వెనకా దగ్గరకు జరుగుతాయి. అందుకే టాపు వదులైంది, తలుపులు పట్టేశాయి.

“అతుకేస్తే నిలవదా?” అని అడిగాడు అంకయ్య.

“అతుకు దేనికేసేది? మంచి ఇనుమేదీ కింద?” అన్నాడు మెకానిక్కు.

కొండయ్య రాలిన పెళ్లను తీసుకొని వేళ్ల మధ్య నలిపాడు. “మా తెప్పకు ఒక్క మేకు కొట్టం బూబమ్మా. తాళ్లతోనే కడతాం. ఉప్పు ఇనుముని తింటదని మా పిలకాయలక్కూడా తెలుసు. నీళ్లలో తోలమని కేకేసింది నేనే. అది కారనుకున్నానేగానీ, ఇనుమని తట్టలా” అన్నాడు. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఊరుకో మామా. నువ్వు కేకెయ్యకపోయుంటే అది ఆ రోజే ఇసకలో ఆగిపోయేది” అన్నాడు అంకయ్య. తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక్క కుండెడు బావినీళ్లు దాని అడుగున కొట్టి ఉంటే ఇంకొన్నేళ్లు బతికేదని మెకానిక్కు అన్నప్పుడు మాత్రం అంకయ్య అరుగు మీద కూలబడ్డాడు.

ఆ పని మాకు నేర్పింది ఇదీ. గుడ్డ వదులైతే గుడ్డనే అనుమానించడం కుట్టేవాళ్ల అలవాటు. అది దేని మీద నిలబడిందో కూడా చూడాలి. ఇత్తడి రింగులు ఏరి కొట్టినప్పుడు ఉప్పు మా మనసులోనే ఉంది. అది పైనే ఆగుతుందనుకున్నాం. ఆ తర్వాత ఏ బండి వచ్చినా కొలతాడు తీయకముందే మా ఆయన కింద పడుకొని చూసేవాడు. మైపాడు వైపు తిరిగే బండ్లను కడిగించుకొని రమ్మనేవాడు. కొందరు విన్నారు, చాలామంది నవ్వారు. ఆ చిన్నకార్లు ఒక్కొక్కటే మా సందు చివర కనపడటం మానేశాయి.

కొన్నాళ్లకు బంధువుల ఇంటికని అల్లూరు వెళ్లాను. పొలం గట్టు మీద నాలుగు కర్రలు పాతి, తాటాకు కప్పి, కింద ఆ బేబీ కారు ఇంజను బిగించారు. పక్కన అంకయ్య కూర్చొని ఉన్నాడు. రైతు ఇంజనుతో పాటు అతన్నీ పనికి పెట్టుకున్నాడు.

“ఎట్టుండావు తమ్ముడూ?” అన్నాను.

“బాగుండానక్కా. ఇంజనుకేం, బంగారం. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా నడుపుతుండాను” అని నవ్వాడు. “బ్రేకుతోనే పని లేదు.”

గొట్టంలోంచి నీళ్లు కాలవలోకి దూకుతున్నాయి. ఇంజను ఒక్కసారి ఊపిరాడనట్టు తడబడింది. అంకయ్య నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. అతని కుడికాలు మాత్రం, అతనికి తెలియకుండానే, కింద బురదను యాక్సిలరేటరులా నొక్కింది.