అక్కడ తాళాలు ఉండవు

డెబ్బై ఏళ్ళ వయసులో ఎవరికైనా మోకాళ్ళ గురించి బెంగ ఉంటుంది. తాళాల బాబాయికి మాత్రం ఉద్యోగం గురించి బెంగ. అదీ ఇక్కడి ఉద్యోగం గురించి కాదు. దేవుడు అన్నిటినీ కొత్తగా చేసి, పోయినవాళ్ళందరినీ లేపి, కొత్త భూమి మీద నిలబెట్టిన రోజున తను ఏ పని చేసుకోవాలా అని.

"దేవుడు తెచ్చే ఆ పట్టణానికి గుమ్మాలున్నాయి కానీ ఎప్పుడూ వేయరని గ్రంథంలో రాసి ఉంది కదయ్యా! వేయని తలుపుకి తాళం ఎవడు పెడతాడు? యాభై ఏళ్ళు నేర్చుకున్న పని ఒక్క పొద్దులోనే గంగపాలు!" అని తన కొట్టు ముందు ఆగినవాళ్ళందరికీ మొరపెట్టుకునేవాడు.

"అక్కడ కూడా పని ఏంటి బాబాయ్? మబ్బుల మీద కూర్చుని పాటలు పాడుకోవడమే కదా!" అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది.

"మబ్బుల మీద కూర్చుంటే తడిసి చస్తారు. భూమి అని రాసి ఉంది, భూమి! ఇళ్ళు కట్టుకుంటారట, తోటలు వేసుకుంటారట. నలుగురూ ఇళ్ళు కడుతుంటే మనం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడితే ఏం బాగుంటుంది?"

తన బెంగతో ఆగి ఉంటే వీధికి ఇబ్బంది లేకపోయేది. ఊళ్ళో అందరి ఉద్యోగాల గురించీ ఆయనే బెంగపడేవాడు. డాక్టరుగారి మందుల బీరువా తాళం చెవి పోతే, బాబాయి వెళ్ళి సన్నటి తీగ ఒకటి దూర్చి, అటు తిరిగి మాట్లాడుతూనే రెండు నిమిషాల్లో తీసేశాడు. ఆ రెండు నిమిషాల్లో ఆయన మాట్లాడినది ఇది.

"డాక్టరుగారూ, అక్కడ నొప్పి ఉండదు, రోగం ఉండదు. మీ సంగతేంటి?"

"నాకు ఇంకా యాభై కూడా నిండలేదండీ."

"అందుకే చెబుతున్నా, నేర్చుకునే వయసు. తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు."

దీపాల దుకాణం ఆయనకు అక్కడ రాత్రే ఉండదని చెప్పి, ఆయన చేత తాడు పేనడం మొదలెట్టించాడు. ఇక పాస్టరుగారిని పట్టుకున్న తీరు ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఆరాధన అయిపోయి అందరూ బయటికి వస్తుంటే, గుమ్మం దగ్గర ఆయన చేయి పట్టుకుని, "అయ్యగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ పట్టణంలో గుడి ఉండదని రాసి ఉంది. అంటే మీకూ పని లేనట్టే. వంట వచ్చా?" అని అడిగాడు. పాస్టరుగారు నవ్వాలో ఏడవాలో తెలియక ఇంటికి వెళ్ళి, ఆ సాయంత్రమే భార్య దగ్గర కత్తిపీట ఎక్కడుందో కనుక్కున్నాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని జనం వెక్కిరించేవాళ్ళు. బాబాయికి అది దున్నపోతు మీద వాన. ఆయన ఎప్పటికప్పుడు కొత్త గురువును వెతుక్కుని శిష్యరికం చేసేవాడు. రొట్టెల అక్క భట్టీలో నలభై రోజులు పనిచేసి, నలభై రోజులూ రొట్టె మాడ్చాడు. దర్జీ వదిన దగ్గర చేరి చొక్కా చేతిని జేబు చోట కుట్టాడు. "ఇంత పనికిమాలిన శిష్యుడు పగవాడికి కూడా వద్దు" అని గురువులంతా ఏకగ్రీవంగా చెప్పేవాళ్ళు. అలా చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల మీద నవ్వెందుకో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

పెట్టెల మేస్త్రి అయితే అసలే ఆలోచించలేదు. ఆయనకు ఆలోచించే ఓపిక లేదు.

పెట్టెల మేస్త్రి అంటే ఊరికంతటికీ శవపేటికలు చేసే వడ్రంగి. పాతికేళ్ళుగా అదే పని, వేరే పని తెలియదు. ఊళ్ళో ఎవరైనా పోతే ముందు పాస్టరుగారికి, తర్వాత మేస్త్రికి కబురు వెళ్ళేది. మూడు నెలల కిందట కబురు వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది. పోయింది మేస్త్రి భార్యే. ఆ పెట్టె కూడా ఆయనే చేశాడు. ఇంకెవరినీ చేయనివ్వలేదు. చేసి, ఉలి కింద పెట్టాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

నెలాఖరుకి కొట్టు మూసేసి, పనిముట్లు ఎవరికైనా ఇచ్చేసి, పక్క ఊళ్ళో అక్కగారింట్లో ఒక మూల కూర్చోవాలని నిశ్చయించుకున్నాడు. తర్వాత ఏం చేస్తావని అక్క అడిగితే, "ఏం చేయను. నా పెట్టె వచ్చేదాకా కూర్చుంటాను" అన్నాడు. అక్క ఏడ్చింది. ఆయన ఏడవలేదు. అది చూసే అందరికీ భయం వేసింది.

నెలాఖరుకి ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయనగా, తాళాల బాబాయి కొత్త ఏప్రాన్ ఒకటి కట్టుకుని కొట్టు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మేస్త్రీ, నన్ను శిష్యుడిగా చేర్చుకో."

"కొట్టు మూసేస్తున్నాను బాబాయ్."

"మూసెయ్, మంచి తాళం నేనే ఇస్తాను. ఈలోగా నాకు బల్ల చేయడం నేర్పు."

"నాకు బల్లలు రావు. పెట్టెలే వచ్చు."

బాబాయి ఆయన వంక జాలిగా చూశాడు. "అయ్యో నాయనా! మరణమే ఉండదని రాసి ఉన్న చోట పెట్టెలకు గిరాకీ ఎక్కడ? ఊళ్ళో అందరికంటే నీ పరిస్థితే అన్యాయంగా ఉంది. అక్కడ పెద్ద విందు ఉందట. ఎంతమంది వస్తారో లెక్కే లేదు. వాళ్ళంతా దేని మీద తింటారు? బల్లలు ఎన్ని కావాలి?"

మేస్త్రి మనసు 'బల్ల' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తల్లో భార్య ఒక భోజనాల బల్ల అడిగింది. ఆయన 'ఈ పెట్టె అయిపోగానే' అన్నాడు. పాతికేళ్ళు అదే మాట అన్నాడు. ఆవిడ కూడా నవ్వుతూనే, "వడ్రంగి పెళ్ళాన్ని, ఒళ్ళో కంచం పెట్టుకుని తింటున్నాను" అని రొట్టెల అక్క కొట్టు దగ్గర వీధికంతా వినపడేలా చెప్పేది.

"ఆవిడ లేచాక నిన్ను మొదట ఏమడుగుతుందంటావు?" అన్నాడు బాబాయి నెమ్మదిగా. "పాతికేళ్ళు అడిగిన మనిషి అక్కడికెళ్ళి మరచిపోతుందా? మనిషి కొత్తదవుతుంది గానీ ఆవిడ ఆవిడే కదా. వట్టి చేతులతో ఎదురుపడతావా?"

మేస్త్రికి కోపం వచ్చింది. మూడు నెలల తర్వాత ఆయనకు వచ్చిన మొదటి కోపం అది. ఆ కోపంలోనే లేచి రంపం అందుకున్నాడు.

అక్కడి నుంచి మొదలయ్యాయి మేస్త్రి కష్టాలు. బాబాయికి మేకు కొట్టమంటే సుత్తి ఎగిరి కిటికీలోంచి వీధిలో పడేది. గీత గీయమంటే చెక్క మీద తప్ప అన్నిటి మీదా గీసేవాడు. పలకను చిత్రిక పట్టమంటే, ఒక పక్క అద్దంలా, ఒక పక్క దువ్వెనలా తయారయ్యేది. కాళ్ళు నాలుగూ ఒకే కొలతకు కోయమంటే, మూడు ఒక కొలత, నాలుగోది వాటికి తమ్ముడు.

"ఇంకోసారి చూపించు మేస్త్రీ."

"పొద్దున్నుంచి ఆరుసార్లు చూపించాను!"

"ఏడోసారికి వస్తుందేమో. నా చేతులకు బుద్ధి లేదు, ఏం చేయను?"

మేస్త్రికి తలప్రాణం తోకకొచ్చేది. అరిచేవాడు, రంపం లాక్కునేవాడు, మళ్ళీ చూపించేవాడు. అరిచి అరిచి ఆకలేసి అన్నం తినేవాడు. తిని అలసి నిద్రపోయేవాడు. పొద్దున లేస్తూనే, 'ముసలాయన ఈపాటికి వచ్చి ఏం విరగ్గొడుతున్నాడో' అని కొట్టుకు పరుగెత్తేవాడు.

శిష్యుడే కాదు, గురువుగారూ తక్కువ తినలేదు. పన్నెండో రోజున బల్ల పైపలక బిగించి, చెమట తుడుచుకుని, "ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి గర్వంగా.

బాబాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "బాగుంది. కానీ మేస్త్రీ, భోజనాల బల్ల ఇక్కడ వెడల్పుగా, అక్కడ సన్నగా ఎందుకుంది?"

"భుజాలు పట్టాలి కద..." అని సగంలో ఆగిపోయాడు మేస్త్రి.

"అదీ పోనీ. దీనికి మూత ఎందుకు?"

మేస్త్రి చూశాడు. నిజమే. గోడకు ఆనించి, అదే కొలతకు కోసిన మూత సిద్ధంగా ఉంది. చేతులు ఎప్పుడు చేశాయో ఆయనకే తెలియదు. కాసేపు ఇద్దరూ మూత వంక చూశారు. ముందు బాబాయి మీసం కదిలింది. తర్వాత మేస్త్రి పొట్ట కదిలింది. ఇద్దరూ చిత్రిక పొట్టులో కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వుతో వచ్చిన ఆ నీళ్ళు మేస్త్రికి నవ్వు ఆగినా ఆగలేదు. చాలాసేపు వచ్చాయి. బాబాయి పక్కనే కూర్చుని, ఆయన వీపు మీద చేయి వేశాడు. తర్వాత, "ఇంకో బల్ల చేద్దాం. ఈసారి నలుచదరంగా" అన్నాడు.

ఇరవయ్యో రోజు పొద్దున మేస్త్రికి తెల్లవారకముందే మెలకువ వచ్చింది. సూర్యుడు వచ్చేసరికి కొట్టు దగ్గరున్నాడు. లోపల చిత్రిక చప్పుడు వినిపించింది. తడబాటు లేకుండా, ఒకే ఊపున సాగుతున్న చప్పుడు. కిటికీలోంచి తొంగిచూశాడు.

బాబాయి బల్ల కాలు ఒకటి చిత్రిక పడుతున్నాడు. పొట్టు పొరలు పొరలుగా ఉల్లిపొరంత పలచగా లేస్తోంది. ఆగి, కళ్ళు మూసుకుని, కాలి పొడవునా వేలు నడిపించి చూసుకున్నాడు. ఎక్కడో వెంట్రుకవాసి తేడా తగిలింది కాబోలు, అక్కడ ఒక్కసారి లాగాడు. పలకకు తొలిచిన కూర్పులో పెట్టి చూస్తే, కాలు తాళంలో చెవి దూరినంత ఇదిగా దూరింది. మేస్త్రి పాతికేళ్ళలో అంత మంచి కూర్పు చేసి ఎరగడు.

బాబాయి దాన్ని కాసేపు ముద్దుగా చూసుకున్నాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు. తర్వాత రంపం తీసుకుని, కాలి చివర బొటనవేలంత ముక్క వంకరగా కోసి పారేశాడు.

మేస్త్రికి ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాతే మిగతాది తట్టింది. తీగముక్కతో మాట్లాడుతూ బీరువా తీసే వేళ్ళు, ఆకురాయితో వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్ళు, మేకు కొట్టలేకపోవడం ఏమిటి? ఇన్నాళ్ళూ తను ఎంత వెర్రివాడు! కొట్టులోకి వెళ్ళకుండా తిన్నగా రొట్టెల అక్క దగ్గరికి నడిచాడు.

"అక్కా, బాబాయి నీ దగ్గర శిష్యరికానికి ఎప్పుడు చేరాడు?"

అక్క భట్టీ వైపు నుంచి తల తిప్పకుండానే, "మా ఆయన పోయిన తొమ్మిదో రోజు" అంది.

"దర్జీ వదిన దగ్గర?"

"వాళ్ళ చిన్నదాన్ని పాతిపెట్టి వచ్చిన వారం." అక్క వేడి రొట్టె ఒకటి విరిచి ఆయన చేతిలో పెట్టింది. "నీకు ఇప్పుడు తెలిసిందా? నాకు నాలుగో రోజే తెలిసింది. అందరికంటే ముందొచ్చి మంచి రొట్టె ఒకటి కాల్చుకుని తినేసి, తర్వాత మిగతావి మాడ్చేవాడు."

"మరి అడగలేదా?"

"అడిగితే మానేస్తాడుగా! నలభై రోజులూ ఆ మాడిన రొట్టెల మీద అరవడానికే పొద్దున లేచాను నేను." అక్క పిండి చేతులు దులుపుకుంది. "బాబాయి వాళ్ళావిడ పోయినప్పుడు ఆయన కొట్టులో ఒక్కడే కూర్చుని, ఏ తాళానికీ పట్టని తాళం చెవులు ఆకురాయితో రాస్తూ ఉండేవాడట. ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక."

"అయితే ఆ కొత్త భూమి, ఉద్యోగం బెంగ, అదంతా వంకేనా?"

"వంక ఏంటి? మనకంటే గట్టిగా నమ్మాడు. అక్కడ దేవుడు ఎలాగూ కన్నీళ్ళు తుడుస్తాడు, ఆ పని ఇక్కడే కొంచెం మొదలెడితే తప్పేంటని ఆయన లెక్క. రొట్టె చల్లారిపోతోంది, తిను."

మేస్త్రి తిని, చేతులు కడుక్కుని, కొట్టులోకి వెళ్ళాడు. బాబాయి వంకర కాలు పట్టుకుని దీనంగా నిలబడ్డాడు.

"మళ్ళీ పొట్టిదైపోయింది మేస్త్రీ."

మేస్త్రి ఆ కాలు అందుకుని ఎగాదిగా చూశాడు. "నీ చేతులకు బుద్ధి లేదు బాబాయ్. ఇలా రా. ఇంకోసారి చూపిస్తాను" అన్నాడు.

నెలాఖరున మేస్త్రి ఇంటి ముందు నలుచదరపు బల్ల పడింది. పనిముట్లు ఎవరికీ ఇవ్వలేదు, అక్కగారే తమ్ముడింటికి వచ్చింది. రొట్టెల అక్క రొట్టెలు తెచ్చింది. పాస్టరుగారు స్వయంగా కూర వండి తెచ్చాడు, ఉప్పు మరచిపోయాడు. బల్ల చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. "చూడగానే ఆవిడ మొదట బల్ల కాళ్ళు కదులుతున్నాయేమోనని ఊపి చూస్తుంది" అన్నాడు మేస్త్రి. బాబాయి వెంటనే లేచి ఊపి చూశాడు. కదల్లేదు.

అందరూ వెళ్ళాక బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రీ, నేను రేపటి నుంచి రాను. కళ్ళజోళ్ళ మాస్టారు లేడూ? అక్కడ చూపు మందగించడం ఉండదు కాబట్టి ఆయన వృత్తి ఎలాగూ పోయినట్టే. కానీ ఆయనకు తోటపని బాగా వచ్చట. నేర్చుకుందామని."

"ఆయన తల్లి మొన్న బుధవారమే కదా పోయింది?"

"అవునా? అలాగా?" అన్నాడు బాబాయి ఆకాశం వంక చూస్తూ.

"నేనూ వస్తాను బాబాయ్. నాకూ అక్కడ గిరాకీ లేదని నువ్వే అన్నావుగా."

బాబాయి ఆకాశం మీంచి చూపు దించి మేస్త్రిని చూశాడు. మేస్త్రి కూడా చూశాడు.

మర్నాడు పొద్దున కళ్ళజోళ్ళ మాస్టారు మాసిన గడ్డంతో వచ్చి పెరటి తలుపు తీసేసరికి, కొత్త ఏప్రాన్లు కట్టుకున్న శిష్యులు ఇద్దరు నిలబడి ఉన్నారు. ముసలాయన అప్పుడే ఒక గులాబీ మొక్కను తొక్కేశాడు. రెండో ఆయన, పాతికేళ్ళు పనిముట్లతోనే బతికిన మనిషి, పారను తలకిందులుగా పట్టుకుని వినయంగా అడిగాడు.

"మాస్టారూ, దీన్ని ఎటువైపు పట్టుకోవాలండీ?"