పల్లంరాజు చొక్కా

గోదావరిలో పదకొండుసార్లు శవమై తేలి, పదకొండుసార్లూ మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఎత్తిపోతల పథకంలో అసిస్టెంట్ ఇంజనీరు ప్రసన్నకుమార్. సరే, పదకొండు కాదు, నాలుగు. అందులో మూడు రిహార్సల్సు. కానీ ఆ నాలుగోసారి అతను నిజంగానే చచ్చినంత పనయింది. అందులో వెంట్రుకవాసి కల్పన లేదు.

లూథరన్ చర్చిలో క్రిస్మస్ నాటకానికి గొర్రె వేషం కట్టినప్పుడు, ఏడేళ్ళ వయసులో పట్టిన నటన పిచ్చి అది. ఇంజనీరింగ్ చదివినా, ఉద్యోగం వచ్చినా వదల్లేదు. ఆదివారం వస్తే చాలు, పాలకొల్లులో పెళ్ళి వీడియోలు తీసే ఉదయ్‌కుమార్‌ని కెమెరాతో సహా రప్పించేవాడు. కథ, దర్శకత్వం, హీరో అన్నీ తనే. ఆరేళ్ళలో అయిదు సినిమాలు తీశాడు. అయిదూ కలిపి చూసినవాళ్ళు పంప్‌హౌస్ క్యాంటీన్లో సరిపోతారు. ఆరోదానికి మాత్రం కేరళలో చిత్రోత్సవం జరిపేవాళ్ళెవరో, చివరి సన్నివేశం పంపండి, బాగుంటే వేస్తాం అన్నారు. అందులో హీరో వరదలో మునిగిపోయిన జాలరి. శవం రేవుకి కొట్టుకొస్తుంది.

పట్టిసీమకి దిగువన ఓ రేవులో చిట్టియ్య పడవ మాట్లాడుకున్నారు. చిట్టియ్య ఇంజనీరుగారి వేషాన్ని ఎగాదిగా చూశాడు.

"చచ్చినోడి చొక్కాకి ఇస్త్రీ మడతలేంటండి? గోదారమ్మ ఇస్త్రీ చేసి పంపుద్దా?"

ఇంట్లోకెళ్ళి వెలిసిపోయిన నీలం గళ్ళ చొక్కా తెచ్చిచ్చాడు. ఎవరిదని ప్రసన్నకుమార్ అడగలేదు. చిట్టియ్యా చెప్పలేదు.

అది అతని కొడుకు పల్లంరాజుది. కిందటేడు వరదలో వలకెళ్ళినవాడు తిరిగి రాలేదు. ధవళేశ్వరం దాకా వెతికినా దొరకలేదు. దొరకని మనిషికి దర్భలతో బొమ్మ కట్టి దహనం చేస్తారు. తల్లి లోవమ్మ చెయ్యనివ్వలేదు. గడ్డిబొమ్మ మీద పడి ఎట్లా ఏడవమంటారని అడిగింది. ఏడాదిగా ఆమె కంట చుక్క నీరు రాలేదు. రోజూ ముగ్గురికి వండేది.

కెమెరా తిరిగింది. ప్రసన్నకుమార్ బురదలో మొహం పక్కకి వాల్చి, ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. రేవులో ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. చేపల వాసన కొట్టే చెయ్యి ఒకటి తల నిమిరింది. లేవబోయాడు. అప్పుడు చెవి దగ్గర, ఇంకెవరికీ వినబడనంత చిన్నగా:

"ఇంజనీరు బాబువని తెలుసు నాయనా. ఒళ్ళు వెచ్చగా ఉంది. కాసేపు కదలకు. ఒక్కసారి ఏడ్చుకోనీ."

అతను కదల్లేదు.

లోవమ్మ ఏడ్చింది. ఉగ్గు తాగనని చేసిన మారాం దగ్గర్నుంచి, మొదటిసారి వలలో పట్టిన బొమ్మిడాయ దాకా, ఆ చివరి రోజు తినకుండా వెళ్ళిన చద్దన్నం దాకా, అన్నీ చెప్పుకుంటూ అతని రొమ్ము మీద కొట్టుకుంటూ ఏడ్చింది. కళ్ళు తెరిస్తే ఆమె కొడుకు రెండోసారి పోతాడు. గొంతులో ఉబికినదాన్ని మింగుదామంటే శవం గుటక వెయ్యకూడదు. గట్టు మీదివాళ్ళందరికీ అది షూటింగని తెలుసు. అయినా ఒక్కొక్కరే తలగుడ్డలు తీశారు.

చివరికి ఆమె అతని బొత్తాలు ఒక్కొక్కటే విప్పి చొక్కా తీసుకుంది. మొగుడితో, "రేపు బొమ్మ కట్టించు," అంది.

ఉదయ్‌కుమార్ కెమెరా ఆపలేదు.

"పన్నెండు నిమిషాలు సార్. ఇదొక్కటి పంపితే చాలండి. ఇంక మీకు ఈ మోటార్లతో పనేంటి?"

ప్రసన్నకుమార్ కెమెరాలోని మెమరీ కార్డు తీసుకున్నాడు. ఆ సాయంత్రం బొమ్మిడాయ మాట వచ్చేదాకా చూసి ఆపేశాడు. మర్నాడు రేవు వైపు పొగ లేచింది. గడ్డిబొమ్మకి తొడిగిన నీలం చొక్కా పంప్‌హౌస్‌కి కనబడదు, పొగ కనబడుతుంది. అది చూస్తూ కటింగ్ ప్లేయరుతో కార్డుని నాలుగు ముక్కలు చేశాడు. ఉదయ్‌కుమార్ మళ్ళీ పాలకొల్లు నుంచి రాలేదు. ఆరో సినిమా అక్కడే ఆగింది. ఏడోది లేదు.

లోవమ్మ ఇప్పుడు ఇద్దరికే వండుతోంది. గోదారి పల్లంరాజుని పావుగంటసేపు తల్లికి తెచ్చిచ్చిందని రేవులో చెప్పుకుంటారు. నిజమేనా అని ఇంజనీరుగారినే అడిగితే, రిజిస్టరులోంచి తలెత్తకుండా అన్నాడు:

"అంతా అబద్ధమండి. నాకు సినిమాలేంటి? ఆ ఆదివారం నేనిక్కడే డ్యూటీలో ఉన్నాను. ఆ రేవులో పడుకున్నది వాళ్ళబ్బాయేనండి."