డాక్టరుగారింటి కోటు

మా పెద్దమ్మకి మనుషుల మొహాలు గుర్తుండవు. కాలర్లు గుర్తుంటాయి. నలభై ఏళ్లు లాండ్రీ నడిపింది. ఇంటికో గుర్తు, కాలరు లోపల చెరగని సిరాతో వేసేది: మూడు చుక్కలు, గీత కింద చుక్క, సున్నాలో గీత. అన్నీ వాళ్ల నాన్న పెట్టినవే. ఆయన పనిపుస్తకాలు ఇప్పటికీ ఆమె మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

యుద్ధంలో ఒక శుక్రవారం బజారువీధి మీద బాంబులు పడి పోయినవాళ్ల పేర్లు రాతిమీద చెక్కించాలని రిటైరైన మాస్టారొకాయన మూడేళ్లుగా తిరుగుతున్నారు. నూట పద్దెనిమిది మందిలో నూట పదిహేడు పేర్లు దొరికాయి. మిగిలినామె గురించి ఆసుపత్రి రిజిస్టరులో ఉన్నది ఇంతే: "స్త్రీ, సుమారు ముప్పై. చంకలో గోధుమరంగు కోటు, ఇస్త్రీ మడత విప్పలేదు. కాలరు మీద సున్నా, అందులో గీత."

ఆ నకలు పట్టుకుని మాస్టారు పెద్దమ్మ దగ్గరికొచ్చారు. వెనకే వడ్రంగి, తండ్రి కాలం నించీ అదే పని. అతని తల్లి ఆ శుక్రవారమే ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. అప్పుడతనికి ఐదేళ్లు. శవం దొరకలేదు. "మీ అమ్మ ఎవడితోనో లేచిపోయిందిరా" అన్న మాట వింటూనే అతని జుట్టు నెరిసింది.

"సున్నాలో గీత డాక్టరుగారిది," అంది పెద్దమ్మ చూడగానే.

"అదేనమ్మా చిక్కు. డాక్టరుగారింట్లో అందరూ బతికి బట్టకట్టారు. మీ నాన్నగారే గుర్తు తప్పు వేశారేమో."

"మీ హాజరుపట్టీలో తప్పులుంటాయేమో గానీ మా నాన్న గుర్తు తప్పదు మాస్టారూ. కూర్చోండి."

ట్రంకుపెట్టె లాగించి, ఆ నెల పుస్తకం తీసి, వేలితో వరసలు దిగుతూ పోయింది. బుధవారం దగ్గర వేలు ఆగింది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చదివింది:

"డాక్టరుగారి కోటు పొరపాటున వడ్రంగి ఇంటి మూటలో పోయింది. ఇంటావిడ కనబడి చెప్పింది. శుక్రవారం తనే తెచ్చిస్తుందట."

మాస్టారు రిజిస్టరు నకలు ఆ పుస్తకం పక్కన పెట్టారు. ఒక వాక్యం ఆసుపత్రి బీరువాలో, ఇంకొకటి ఈ ట్రంకుపెట్టెలో. రాసినవాళ్లు ఒకరినొకరు ఎరగరు. అరవై ఏళ్లుగా రెండూ అలాగే ఉన్నాయి, నాలుగు వీధుల దూరంలో.

వడ్రంగి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. వేలు ఆ వరస దాకా తెచ్చాడు కానీ కాగితానికి ఆనించలేదు.

"తమ్ముడూ," అంది పెద్దమ్మ. "బుధవారం మూటలు కట్టింది నేనే. తొమ్మిదేళ్లు నాకు. ఆ కోటు తప్పు మూటలో పెట్టింది నేను."

అతను ఆమెకేసి చూడలేదు. రిజిస్టరు నకలు తీసుకుని ఇంకోసారి చదివాడు.

"మడత విప్పలేదు కదక్కా," అన్నాడు. "ఇచ్చేద్దామనే వస్తోంది." మాస్టారి వైపు తిరిగి, "మాస్టారూ, మా ఇంటి నించి లాండ్రీకి పోయి రావాలంటే ఎంతసేపు?"

"పావుగంట."

"అంటే పావుగంటలో వచ్చేసేది."

పెద్దమ్మ పుస్తకం మూయలేదు. మాస్టారు తన జాబితా తీసి, నూట పద్దెనిమిది అంకె పక్కన పెన్ను ఆనించారు.

"అమ్మ పేరు చెప్పు నాయనా."

వడ్రంగి లేచి నిలబడి చెప్పాడు.