దీపం ఆర్పొద్దని చెప్పింది నేనే

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క మాట అది. దేవుడు లేడని వేదికలెక్కి వాదించినవాణ్ణి కాబట్టి, ఏ దేవుడి ముందూ దీన్ని దించుకునే వీలు నాకు లేదు. మీ ముందే దించాలి. మీరు క్షమించనక్కర్లేదు. వింటే చాలు.

తంగవేలు బర్మాలో పుట్టాడు. అక్కడి సర్కారు మనవాళ్లను పొమ్మన్నప్పుడు తల్లి చంకనెక్కి ఓడలో మద్రాసు చేరాడు. బంధువులెవరో ఉన్నారని ఆమె నంద్యాలకు వచ్చింది. బంధువులు దొరకలేదు. స్టేషన్ దగ్గర ఇడ్లీల బండి పెట్టుకుని కొడుకును పెంచింది. అతడు పెద్దవాడై బెలుం వైపు నాపరాయి గనుల్లో పనిచేశాడు, అక్కడి కూలీలకు సంఘం పెట్టాడు, చివరికి ఏ పార్టీ లేకుండా నిలబడి శాసనసభకు గెలిచాడు. సభలో మొదటిసారి మాట్లాడినప్పుడు పక్క జిల్లాల సభ్యులు నవ్వారట, బర్మాలో పుట్టినవాడు మా అందరికంటే అచ్చంగా సీమ యాస మాట్లాడుతున్నాడని. మా వాళ్లకు అది గొప్ప. "మా తంగన్న" అనేవాళ్లు.

నేను నంద్యాలలో కాలేజీ అయివారిని. హేతువాద సభల్లో నా మాట పదునుగా ఉంటుందని పేరు. మనిషిని పుట్టుకతో కొలవడం అనాగరికమని రాసేవాణ్ణి. తంగవేలు నా వ్యాసాలు చదివే ఈ దారిలోకి వచ్చానని చెప్పుకునేవాడు. నన్ను అన్నా అనేవాడు.

ఒక ఏడాది వానలు పడలేదు. గోస్పాడు పొలాలకు పారే కాలువలో నీళ్లు తక్కువ. కింది జిల్లా వాళ్లు తాగడానికి వాటా అడుగుతున్నారు. కోయిలకుంట్ల బంగళాలో తంగవేలు ఇంజనీరుతో ఆ సంగతి మాట్లాడుతున్నాడు. నేనూ వెంట ఉన్నాను. గదిలో ముగ్గురమే. తలుపు తెరిచి ఉంది, వరండాలో జనం. నాకు వాదం అంటే మత్తు. మన నేల, మన నీళ్లు అనడం కూడా ఒక మూఢనమ్మకమే అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. "గోస్పాడు పైరు ఎండితే ఎండనీ, ముందు తాగేవాళ్లకు ఇవ్వాలి" అని గట్టిగా అన్నాను. తంగవేలు అడ్డం తిరిగాడు. "అట్ల కాదన్నా, రెండింటికీ దారి సూడాల" అన్నాడు.

ఆ వాక్యం వరండా దాటింది. గోస్పాడు చేరేసరికి అది తంగవేలు నోట్లో ఉంది. ఎవరు మార్చారో తెలియదు. బహుశా ఎవరూ కావాలని మార్చి ఉండరు. అలాంటి మాట పరాయివాడే అంటాడని జనానికి తోచింది, అంతే. ఇంజనీరు సర్కారు ఉద్యోగి, ఈ గొడవలో తలదూర్చలేదు. మా పొలాలు గోస్పాడు దగ్గరే. ఆ ఆదివారం మా అన్న ఇంట్లో భోంచేస్తున్నాను. మా అన్న ముద్ద కలుపుతూ, "యాడ్నుంచో వచ్చినోనికి మన పైరు బాధ ఏం తెలుస్తాది రా?" అన్నాడు. నేను తలెత్తలేదు. చారు పోయించుకున్నాను. తిన్నాను.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆళ్లగడ్డ బజారులో ఎదుటి అభ్యర్థి మైకు పట్టుకున్నాడు. "ఏమప్పా తంగవేలూ, అన్లేదంటాండావు గదా? అమ్మవారి గుడికాడికి రా. దీపం ఆర్పి సెప్పు. మేమే నీకు ఓటేస్తాం." జనం ఈలలు వేశారు.

మా వైపు మాటకు మాట ఎదురైతే ఆఖరి తీర్పు కోర్టులో కాదు, గుడిలో. వెలుగుతున్న దీపం ముందు నిలబడి, నేను అనలేదని చెప్పి, చేత్తో ఆర్పాలి. అబద్ధమాడితే ఇంటి దీపం ఆరిపోతుందని నమ్మకం. ఆర్పినవాణ్ణి ఇంకెవరూ వేలెత్తి చూపరు.

మరునాడు పొద్దున్నే తంగవేలు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, పోయి దీపం ఆర్పొస్తా. నేను అన్లేదు గదా. భయమేముంది?"

"నువ్వు అనలేదని నాకు తెలుసు."

"తెలుసు గదా మరి."

అంతే అన్నాడు. 'అన్నది నువ్వు గదా' అని అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆ మాట అతని నోట రాకుండా నేను గబగబా మాట్లాడటం మొదలుపెట్టాను. ఇన్నేళ్లు మనం దేనికి పోరాడాం, ఒక ఎమ్మెల్యే గుడి ముందు చెయ్యి చాపితే రేపు ప్రతి కూలీ చేతా ప్రతి ఆసామీ దీపం ఆర్పిస్తాడు, నిజానికి ఒత్తి సాక్ష్యం ఎందుకు, ఓడినా సరే నిలబడు. బాగా మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఏ సభలోనూ మాట్లాడలేదేమో.

అతడు అంతా విని అడిగాడు. "ఇది సిద్ధాంతమేనా అన్నా? ఇంకేం లేదు గదా?"

"సిద్ధాంతమే" అన్నాను.

"సరే, నువ్వు సెప్తే అంతే. మా యమ్మ మాత్రం తిడ్తాది నన్ను" అని నవ్వి వెళ్లిపోయాడు.

నేను మోస్తున్న మాట అదే. సిద్ధాంతం కాదు, భయం. దీపం ఆర్పిన మరుక్షణం జనం అడిగే ప్రశ్న నాకు తెలుసు: మరి ఎవరన్నారు? ఒత్తి మీంచి అప్పుడే తీసిన చేత్తో తంగవేలు అబద్ధమాడలేడు. గదిలో ఉన్నది ముగ్గురం.

ఆర్పలేదు కాబట్టి అన్నట్టేనని ఊళ్లు తేల్చేశాయి. చిత్తుగా ఓడిపోయాడు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పేరు మార్చారు, అంతే. మా తంగన్న కాస్తా "ఆ బర్మాయన" అయ్యాడు. తర్వాత ఎన్నిసార్లు నిలబడినా గెలవలేదు. స్టేషన్ దగ్గర ఎవరో అతని తల్లిని, మా నీళ్లు తాగి మాకే ద్రోహమా అని అడిగితే, ఇడ్లీలు తీస్తూనే ఆమె, "ఊరికే తాగలేదు నాయనా. అందరి మాదిరే బిందె పట్టుకోని వరసలో నిలబడి తాగినా" అందట. నాకు ఎవరో నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఇంకా ఉంది. ఇది చెప్పడం మరీ కష్టం. అతని ఓటమి మీద నేను వ్యాసం రాశాను. దీపం ముందు తల వంచని మనిషి అని. దానికి సభల్లో శాలువాలు కప్పారు. కుర్రాళ్లు అందులోని వాక్యాలు అప్పజెప్పేవాళ్లు. తంగవేలు నా చేతులు పట్టుకుని, "బాగ రాసినావన్నా" అన్నాడు. ఆ చేతుల్ని వెనక్కి తీసుకోలేదు.

నేను ముందుకొచ్చి, అన్నది నేనేనని చెప్పి ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. జవాబు సిగ్గుపడేంత చిన్నది. అయివారు పుస్తకాలు సదివి సెడిపోయినాడని నవ్వేవాళ్లు. మా అన్న ఒక పంటకాలం మాట్లాడేవాడు కాదు. ఆ తర్వాత పిలిచి అన్నం పెట్టేవాడు. నా నోట్లో అది పిచ్చిమాట, అతని నోట్లో ద్రోహం. ఆ తేడా ఎక్కడిది? పుట్టుక. పుట్టుకకు విలువ లేదని ఊరూరా తిరిగి చెప్పిన నేను, ఇక్కడ పుట్టానన్న ఆ ఒక్క అదృష్టాన్ని కూడా పణంగా పెట్టలేక, ఏ నేలా తనది కాదనిపించుకున్నవాడి మీదికి నా మాటను జారవిడిచి ఊరుకున్నాను. దీపం ఆర్పడం మూఢనమ్మకమే. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ రోజు నాకు హేతువు ఒక చాటు మాత్రమే. దేవుడి చాటున దాక్కునేవాళ్లను ఎంత ఎద్దేవా చేశాను!

అతనికి తెలుసా? ఇంకేం లేదు గదా అని ఎందుకడిగాడు? తెలిసే నన్ను కాపాడాడా? ఈ ఆలోచన దగ్గర నా తర్కం ఆగిపోతుంది.

తంగవేలు ఇప్పుడు ఆళ్లగడ్డలో, శిల్పులు రాళ్లు చెక్కే వీధి వెనక ఉంటాడు. తల్లి పోయింది. మోకాళ్లు పట్టేశాయి. ఈమధ్య చూడ్డానికి వెళ్లాను, చెప్పేద్దామనే. ఉలి చప్పుళ్ల మధ్య గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఇలాంటి మాట గట్టిగా ఎలా చెప్పడం అని వంక దొరికింది. లేచేటప్పుడు అడిగాడు.

"ఏమన్నా రాస్తాండావా అన్నా?"

"రాస్తా" అన్నాను.

రాశాను. కింద నా పేరు పెట్టడం లేదు. ఆ ధైర్యం ఇప్పటికీ లేదు, అదీ ఒప్పుకుంటున్నాను. కానీ తంగవేలుకు పేరు అక్కర్లేదు. మొదటి పేరా చదివితే చాలు, గుర్తుపడతాడు. చదివి ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోవచ్చు.

గోస్పాడు పైరు ఎండితే ఎండనీ అన్నది నేను. తంగవేలు అనలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ రెండు వాక్యాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టాను.